ఎడమ చేతి తొడుగులు

శుద్ధ తదియ, పొద్దుటి పోటు

ఈ రోజు టోపీల్లో పేలు దులిపాను. ఆటబడిలో నా ఉద్యోగం పేరు సాంకేతిక సహాయకురాలు. చేసే పని పేలు దులపడం, నూనె తుడవడం, తెగిన తీగ అతకడం. పిల్లలు తలకి కొబ్బరినూనె పట్టించుకుని వస్తారు. అది టోపీ లోపలి అద్దాల మీదికి జారుతుంది. ఇక బొమ్మ మసగ్గా ఉందని గోల. కంపెనీకి రాస్తే 'వాడుకదారుల అజాగ్రత్త' అని జవాబు. తలకి నూనె రాసుకోవడం అజాగ్రత్త అట.

మంచెలపేటలో బడి అంటే ఇదే. సముద్రం పాత ఊరిని మింగాక ఇళ్ళతోపాటు బడినీ స్తంభాల మీదికి ఎక్కించారు. పంతుళ్ళు మాత్రం ఎక్కలేదు, కొండ మీదికి వెళ్ళిపోయారు. వాళ్ళ బదులు ఆట వచ్చింది. టోపీ పెట్టుకుని, చేతులకి తొడుగులు వేసుకుని కూర్చుంటే ప్రతి పిల్లకీ ఒక లంక కనిపిస్తుంది. దాని చుట్టూ గట్టు కట్టాలంటే కొలతలు రావాలి. మళ్ళకి నీళ్ళు పంచాలంటే భాగహారం రావాలి. పక్క లంక నుంచి విత్తనాలు తెప్పించుకోవాలంటే తప్పుల్లేకుండా ఉత్తరం రాయాలి. లెక్క తప్పితే లంక మునుగుతుంది, మళ్ళీ మొదటినుంచి. చూడ్డానికి బాగుంటుంది. బాగున్న ప్రతిదాని మీదా నాకు అనుమానమే.

నేను బడికి వెళ్ళలేదు. నాకు బడి వయసు వచ్చేసరికి పాత బడి మునిగింది, కొత్త ఆట రాలేదు. పడవల్లో చేపల జాడ చూపించే యంత్రాలు విప్పి, బిగించి, షాకులు కొట్టించుకుని పని నేర్చుకున్నాను. విప్పి చూడనిదే ఏ యంత్రాన్నీ నమ్మను.

ఇవాళ మూడో గది తొడుగులు ఉతకడానికి తీశాను. పెద్ద పిల్లల గది అది. ఎడమ చేతి తొడుగులన్నీ బొటనవేలు దగ్గరా చూపుడువేలు దగ్గరా అరిగి దారాలు తేలాయి. గట్టు కొలిచే తాడు పట్టి లాగేది ఆ రెండు వేళ్ళతోనే. కుడి చేతివి మురికిగా ఉన్నాయి గానీ, ఆ చోట గీత కూడా పడలేదు.

పర్యవేక్షకురాలు విశాలాక్షి మేడమ్ ముందు ఆ కుప్ప పోశాను. మూడు గదులకీ కలిపి ఉన్న పెద్దమనిషి ఆవిడ ఒక్కతే.

"మేడమ్, ఇయ్యి ఎవులు వాడీసినవి? ఎక్కడో పనికిరావని పారేసిన ఎడమవన్నీ ఏరి మాకు పంపినాడా మీ కంపెనీవోడు?"

"కొత్తవే నూకరత్నం. సీలు నేనే విప్పాను."

"విప్పినారా, విప్పినట్టు సంతకం ఎట్టినారా?"

"పొద్దున్నే మొదలుపెట్టకమ్మా, తలనొప్పిగా ఉంది."

సంతకమే పెట్టి ఉంటుంది.

శుద్ధ పంచమి

రేవులో పీతల గంప దింపారు. మూడో గదిలో చదివే తవిటయ్యని వాళ్ళ నాన్న పిలిచి, "ముప్పై ఉన్నాయి, అయిదు వాటాలెయ్యరా" అన్నాడు. పన్నెండేళ్ళ వాడు, నా అంత పొడుగున్నాడు. అయిదు ఆకులు పరిచి, ఒక్కో ఆకు మీద ఒక్కో పీత పెట్టుకుంటూ వెళ్ళాడు. మళ్ళీ మొదటి ఆకు దగ్గరికి వచ్చాడు. మళ్ళీ ఒక్కోటి. మధ్యలో ఒక పీత పారిపోతే దాన్ని పట్టుకొచ్చి, ఎక్కడ ఆపాడో మర్చిపోయి, అన్నీ గంపలో పోసి మళ్ళీ మొదలుపెట్టాడు.

"ఒరే, ఆకుకి ఎన్నొస్తాయో ముందే సెప్పలేవేటి?" అన్నాను.

"పంచీదాకా ఎలా తెలుస్తాదప్పా?" అన్నాడు, నాకే ఏమీ తెలియనట్టు.

నవ్వి ఊరుకునేదాన్ని. కానీ నిన్న సాయంత్రమే తీగ మారుస్తూ మేడమ్ తెరలో వీడి లంక చూశాను. అయిదు మళ్ళు, ఒక్కోటి ఒక్కో కొలత. వాటికి తగ్గట్టు కాలువ నీళ్ళు బిందె తేడా లేకుండా పంచి ఉన్నాయి. కింద 'అత్యుత్తమం' అని మెరుస్తోంది.

అత్యుత్తమం అట. పీతలు పంచలేనివాడు.

మేడమ్ని అడిగి మిగతా లంకలూ చూశాను. మూడో గదిలో అందరివీ అలాగే. ఒక్కటీ మునగలేదు. తీరం మొత్తంలో ఈ గదే ముందుందని కంపెనీ మాకు రంగుకాగితం పంపింది, గోడకి అంటించారు. నాకు ఒళ్ళు మండింది. విషయం తేలిపోయింది. ఆట తనే ఆడుకుంటోంది. పిల్లలు టోపీ కింద కునుకు తీస్తుంటే అది గట్లు కట్టి, నీళ్ళు పంచి, వాళ్ళ పేరు రాసేస్తోంది. మా పిల్లలకి చదువు చెప్పినట్టు లోకానికి చూపించడానికి.

శుద్ధ సప్తమి

ఫిర్యాదు పంపాను. కంపెనీకి కాదు, వాళ్ళ మీద వాళ్ళకే చెబితే ఏమవుతుందో నాకు తెలుసు. తీరం బడులన్నీ చూసుకునే మండలికి పంపాను. 'మూడో గదిలో పిల్లలు ఆడటం లేదు. ఎవరు ఆడుతున్నారో వచ్చి తేల్చండి.' వేలిముద్ర కూడా వేశాను.

మేడమ్ మొహం పాలిపోయింది. "పరీక్ష ముందు ఇదేంటి నూకరత్నం? అమావాస్య వెళ్ళగానే పిల్లలు కొండెక్కాలి."

"అందుకే మేడమ్."

కొండ మీద పెద్దబడి ఉంది. అక్కడ మనుషులే చెబుతారు. అందులో చేరాలంటే మూడో గది పిల్లలంతా గట్టు పరీక్ష రాయాలి. ఒక్కో పిల్లనీ ఒక్కో మూసిన గదిలో కూర్చోబెడతారు. నెగ్గితే పైన చదువు. తప్పితే ఆటబడిలోంచి కూడా పేరు కొట్టేస్తారు. రెండోసారి రాయనివ్వరు. తర్వాత ఎండుచేపల పందిళ్ళే గతి. నా చెల్లెలు అసిరితల్లి కూడా ఈసారి రాస్తోంది. దాని గురించి నాకు దిగుల్లేదు. అది ఇంట్లో దూలాలు కూడా జానలతో కొలుస్తూ ఉంటుంది.

రాత్రి అన్నం తింటూ ఫిర్యాదు సంగతి దానికి చెప్పాను. ముద్ద నోటిదాకా వెళ్ళి ఆగింది.

"నీకెందుకే అప్పా ఇయ్యన్నీ? నీ పేలు నువ్వు దులుపుకోక!"

నేను నవ్వాను. అది నవ్వలేదు.

శుద్ధ దశమి

మూడో గదిలో బల్లల కింద పడుకుని నేల తీగలు బిగిస్తున్నాను. ఆట నడుస్తోంది. నేనున్నానని పిల్లలు మర్చిపోయారు. మేడమ్ మొదటి గదిలో ఉంది.

ఎవరో బల్ల మీద రెండుసార్లు కొట్టారు. వల లాగేటప్పుడు చెయ్యి అలిసినవాడు పడవ అంచు మీద అలాగే కొడతాడు, పక్కవాడు వచ్చి తాడు అందుకుంటాడు. ఆ చప్పుడు నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. బడిలో ఎందుకు వినిపించిందో అర్థం కాలేదు.

నా మొహం పక్కనుంచి రెండు కాళ్ళు నడిచాయి. ఎడమ మడమ మీద ఆల్చిప్ప కోసిన మచ్చ. అసిరి. తవిటయ్య లేచి దానికి చోటిచ్చాడు. అది వాడి టోపీ పెట్టుకుని, వాడి తొడుగులు వేసుకుంది. కాసేపటికి మళ్ళీ రెండు దెబ్బలు, ఇంకో బల్ల. అసిరి అక్కడికి వెళ్ళింది. దాని బల్ల దగ్గర, దానితో చదివే ముత్యాలు కూర్చుని దాని ఉత్తరాలు రాసిపెడుతోంది. తవిటయ్య ఇంకెవరి టోపీయో పెట్టుకుని, "అయిదు బస్తాలు కాదు, ఆరియ్యి, నేకపోతే ఎల్లు" అని పక్క లంకతో బేరమాడుతున్నాడు. గొప్పగా ఆడుతున్నాడు.

నా చెల్లెలిది ఎడమ చేతివాటం. కన్నతల్లిలా పెంచాను దాన్ని. ఎడమ తొడుగులు కుప్పగా నా ముందే పడి ఉంటే, నా కళ్ళకి కంపెనీవాడు తప్ప ఎవడూ కనిపించలేదు.

ఇంటికొచ్చాక తలుపేసి అడిగాను.

"ఎన్నాళ్ళ నుంచే?"

"మొదటినుంచీ."

"మోసం కాదేటి?"

"మోసమేటి?" దానికి నిజంగానే అర్థం కాలేదు. "పెద్ద పడవ గురువులు మావ జొరమొచ్చి తొంగున్నప్పుడు సేపల్లో ఆడి వాటా ఆడికి ఇచ్చీసినారు కదా. ఎవులికొచ్చిన పని ఆలం సేత్తాం. ముత్యాలు రాతలు, తవిటిగోడు బేరాలు, నాను కొలతలు. లంకలన్నీ బాగున్నాయా, నేదా?"

"మరి పరీక్షలో?"

అది కంచం అంచు గోకుతూ కూర్చుంది. దానికి తెలుసు. చాన్నాళ్ళ నుంచే తెలుసు.

"నాను ఆపీస్తే ఆలు మునిగిపోతారప్పా" అంది.

శుద్ధ ద్వాదశి

మండలి నా ఫిర్యాదుని తీసుకెళ్ళి కంపెనీ చేతిలోనే పెట్టింది. విచారణ మీరే చేసుకోండి అందట. కంపెనీ తరఫున శశిధర్ అనే అతను మోటారు పడవలో వచ్చాడు. తెల్లచొక్కా, మెత్తటి మాట. మెట్ల దగ్గర నాచు మీద జారబోతే నేనే పట్టుకున్నాను. వదిలేయాల్సింది.

మేడమ్ని బయటికి పంపి, నన్ను కూర్చోబెట్టాడు.

"మీ అనుమానం తప్పండి. ఆట తనంతట తను ఆడదు. పిల్లలే ఒకరి బదులు ఒకరు ఆడుతున్నారు."

"మీకెప్పుడు తెలిసింది?"

"తొడుగుకి చెయ్యి తెలుస్తుందండి. వేళ్ళ పొడుగు, వణుకు, లాగే తీరు. మొదటి నెలలోనే తెలిసింది."

కుర్చీ వెనక్కి నెట్టి లేచాను.

"తెలిసి ఊరుకున్నారా?"

"ఆపమని పైనుంచి చెప్పలేదు. ఈ గది ఫలితాలు చూపించే కదా మిగతా రేవుల్లో ఆట పెట్టించాం. పిల్లలు కలిసి పనిచేయడం కూడా మంచి లక్షణమే."

"గట్టు పరీక్షలో ఒక్కొక్కరినీ గదిలో ఎట్టి తలుపు మూసేస్తారు కదా. అప్పుడు?"

"పరీక్ష మాది కాదండి, పెద్దబడి వాళ్ళది."

అదీ సంగతి. నేను అనుకున్న దొంగతనం వేరు, జరిగింది వేరు. దొంగ మాత్రం అతనే.

అప్పుడు అసలు మాట బయటపెట్టాడు. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటే ఏమీ మారదు, పిల్లలు అనుకున్నట్టే కొండెక్కి పరీక్ష రాస్తారు. ఫిర్యాదు నిలబడితే నియమం ప్రకారం మూడో గది లంకలన్నీ చెరిపేయాలి. అందరూ మొదటి గట్టు నుంచి మొదలుపెట్టాలి, ఎవరి చేత్తో వాళ్ళే. ఈ ఏడు ఆ గదిలో ఎవరూ పరీక్షకి వెళ్ళరు.

"మీ చెల్లెలు సునాయాసంగా నెగ్గుతుంది" అన్నాడు. నా చెల్లెలి సంగతి నేను చెప్పలేదు. "వచ్చే ఏడు కొండ మీద సీట్లు ఎన్ని ఉంటాయో ఎవరికి తెలుసు? పున్నమికి మళ్ళీ వస్తాను. వేలిముద్ర వేస్తే చాలు."

నవ్వుతూ చెప్పాడు. బెదిరించాడా, మంచి చెప్పాడా? రెండూ ఒక్క నవ్వులోనే పెట్టాడు.

శుద్ధ చతుర్దశి

వేసేద్దామనే అనుకున్నాను. దాచడం ఎందుకు? మిగతా పిల్లలు నా పిల్లలు కాదు. అసిరి కొండ మీద మనిషి పంతులు ముందు కూర్చుని చదువుకోవడం కంటే నాకు కావాల్సింది ఈ లోకంలో లేదు.

రేవుకి వెళ్ళే దారిలో తవిటయ్య వంతెన మీద కాళ్ళు వేలాడేసుకుని గాలం వేస్తున్నాడు.

"ఒరే, గట్టు పరీక్షలో నీ పక్కన అసిరి ఉండదు, తెలుసా?"

"ఎందుకుండదు? పక్క గదిలోనే కదా."

"తలుపు మూసేస్తారురా."

వాడు నవ్వాడు. "మూస్తే మూయనీ. గోడ కొడతాను. వొచ్చీసి కొలవదేటి?"

వాడికి భయం లేదు. బేరాల్లో ఎవడూ తనని ఓడించలేడు, కొలతలకి అసిరి ఉంది, లోకం అంతా సవ్యంగానే ఉంది వాడికి. నేను గబగబా నడిచి వచ్చేశాను. వాడి మొహం చూస్తూ అక్కడ నిలబడటం నావల్ల కాలేదు.

పెద్ద పడవ నడిపే గురువులు మావ వల బాగుచేసుకుంటున్నాడు. ఆయన పక్కన కూలబడి అంతా చెప్పేశాను. తొడుగులు, చప్పుడు, శశిధర్, అంతా. ఆయన వల కన్నాలు చూసుకుంటూనే విన్నాడు.

"గుంటలు మన పద్ధతే పట్టినారు" అన్నాడు పిల్లల గురించి ముచ్చటగా.

"అదే కదా మావా! ఆలని ఏటని తిట్టాలి?"

"తిట్టొద్దు. సగమే పట్టినారని సెప్పు." సూది నోట్లోంచి తీశాడు. "వాటా ఎప్పుడిస్తామే? పడవెక్కించే ముందు లోతునీళ్ళలో దింపి ఒగ్గీసి, పడవ దూరంగా లాగీస్తాం. ఒక్కడే ఈదుకొచ్చి అంచు ముట్టుకోవాల. ముట్టుకున్నోడికే వాటా. ఒకడికోసం ఇంకొకడు ఈదుతాడేటి?"

"ఈదడు."

"నిన్నూ ఒగ్గీసినాం కదే. నా అమ్మానాయన్ని తిట్టుకుంటా వొచ్చి ముట్టుకున్నావు. ఏం తిట్లే అయ్యి! పడవలో ఆడోలు సెవులు మూసుకున్నారు."

"నువ్వు నవ్వినావు మావా. నాను సచ్చిపోతన్నాననుకున్నాను."

"నవ్వినాను. కానీ కన్ను తియ్యనేదు నీ మీంచి." మళ్ళీ సూది పట్టుకున్నాడు. "ఆ తెల్లసొక్కావోడు ఉన్నాడే, గుంటల్ని ఒగ్గీసి మొహం అటు తిప్పుకున్నాడు. అదీ తేడా."

"అసిరి సీటు పోతాది మావా."

ఆయన వలలో తర్వాతి కన్నం మీదికి వంగాడు.

పున్నమి, పెద్ద పోటు

నీళ్ళు బడి మెట్లన్నీ ఎక్కాయి. శశిధర్ చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చాడు. వేలిముద్ర పలక నా ముందుకి జరిపాడు.

"ఎయ్యను" అన్నాను.

"ఆలోచించుకోండి. తల్లిదండ్రులు మీ మీదికి వస్తారు."

"రానీండి. వచ్చినోలకి మొదటి నెల్లోనే మీకు తెలుసన్న మాట కూడా సెప్తాను."

అప్పుడు నవ్వు ఆగింది. అతని నవ్వు ఆగడం చూడ్డానికే ఇన్ని రోజులూ నిద్ర లేకుండా ఉన్నానేమో అనిపించింది, కానీ సంతోషం రాలేదు. పలక వెనక్కి తీసుకుని, కొత్త తాళం ఒకటి ఆటలో పెడతామని చెప్పాడు. వేరే చెయ్యి తగిలితే తొడుగు పనిచేయదట. ఇన్నాళ్ళూ పెట్టగలిగి ఎందుకు పెట్టలేదని అడిగాను. పడవ ఎక్కేశాడు.

సాయంత్రానికి లంకలు చెరిపేశారు. పిల్లలు టోపీలు పెట్టుకుని చూస్తే ఉత్త నీళ్ళు. ముత్యాలు ఏడ్చింది. తవిటయ్య అమ్మ మా గుమ్మం ముందుకొచ్చి, "సొంత చెల్లి మీద కుళ్ళు కాకపోతే ఏటే ఇది?" అని మంచెలన్నిటికీ వినబడేలా అరిచింది. నేనూ అరిచాను. జరిగిందంతా చెప్పాను. కొంతమంది నమ్మారు. చాలామంది శశిధర్ తెల్లచొక్కానే నమ్మారు.

అసిరి తన చాప తీసుకెళ్ళి గోడవైపు వేసుకుంది.

బహుళ చవితి

కొత్త తాళం విప్పి చూశాను. తాళం పనిచేస్తోంది. దానితోపాటు ఇంకేం పంపుతున్నారో, ఎక్కడికి పంపుతున్నారో ఇంకా తెలియలేదు. మొదటి నెలలోనే అన్నీ తెలుసుకున్న తొడుగు ఇప్పుడు ఏం తెలుసుకుంటోందో, అది ఎవడికి పనికొస్తుందో చూడాలి. రేపు రెండోది విప్పుతాను.

మూడో గదిలో ఇవాళ కూడా వరదే. ఒక్కొక్కరి లంకా పొద్దుట కట్టడం, మధ్యాహ్నానికి మునగడం. నేను లోపలికి వెళితే మాటలు ఆగిపోతాయి. "తీగలమ్మ వొచ్చింది" అని ఎవరో గొణిగారు. ఇంట్లో అసిరి ఇంకా నాతో మాట్లాడటం లేదు. అన్నం పెడితే తింటుంది, కంచం కడిగి బోర్లిస్తుంది, అంతే.

దాని లంక గట్టు అప్పుడే నిలబడిపోయింది. మొదటి రోజే కట్టేసింది. దానికి ఇప్పుడు అక్కడ చేయడానికి పనేమీ లేదు. తన టోపీ తీసి పక్కన పెట్టి, తవిటయ్య బల్ల మీద ఎక్కి కూర్చుంది. వాడు టోపీ పైకెత్తాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఒక్క గట్టే అసిరీ. ఒక్కటి కొలిచీసి ఎల్లిపో."

"తొడుగు పట్టదురా నాకు."

"పోనీ నా సెయ్యి పట్టుకుని లాగు."

దాని ఎడమ చెయ్యి లేచింది. నేను చూశాను. తవిటయ్య మణికట్టు దాకా వెళ్ళింది. అక్కడ ఆగింది. తర్వాత రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, వాటి మీద గట్టిగా కూర్చుంది.

"నువ్వే కొలు" అంది. "పోటుకి నీళ్ళు ఎంత ఎత్తొస్తాయో ముందు సెప్పు."

"తెలీదు."

"కిందటిసారి మునిగినావు కదా. ఎక్కడిదాకా మునిగినావు?"

వాడు టోపీ దించుకున్నాడు. చేతులు గాల్లో తాడు పట్టుకున్నట్టు కదిలాయి. పెదాలు మెల్లగా ఆడుతున్నాయి, ఒకటి, రెండు, మూడు. ఎక్కడో తప్పాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. జవాబు అసిరి నోటి అంచు దాకా వచ్చి ఉంది, మింగుతోంది.

చాలాసేపు అలాగే కూర్చుంది. నేను తీగ అతుకుతున్నట్టు నటిస్తూ దగ్గరికి వెళ్ళాను.

"సేతులు తిమ్మిరెక్కినాయేటే?" అన్నాను గుసగుసగా.

పున్నమి తర్వాత అది నా మొహం చూడటం ఇదే మొదలు. కళ్ళలో కోపం ఏమాత్రం తగ్గలేదు.

"మాటాడకు" అంది. "ఆడు లెక్క మర్సిపోతాడు."